అక్టోబరు వానలకు ముందు కార్పొరేటర్ గడప తొక్కేవారికి జాగ్రత్తలు

జూన్‌లో వానల గురించి భయపడేవాళ్లు కడపలో తక్కువ. నైరుతి మొదలవుతుందనగా కాలువల్లోకి జేసీబీ దిగుతుంది, రెండు రోజులు వీధంతా కంపు కొడుతుంది, పత్రికలో పూడికతీత ఫొటో వస్తుంది. ఇక ఆ ఏడాదికి కాలువ సంగతి తేలిపోయిందని అందరం ఊపిరి పీల్చుకుంటాం. మన ఊళ్లను ముంచిన వానలు మాత్రం ఆ నెలల్లో రాలేదు. తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచింది 2009 అక్టోబరు 2న. అనంతపురంలో నడిమివంక వాగు కాలనీల మీద పడింది 2022 అక్టోబరులో. మా కడప మధ్య నుంచి పారే బుగ్గవంక వాగు 2001 అక్టోబరులో ఒకసారి, నివర్ తుఫాను వచ్చిన 2020 నవంబరు చివరి వారంలో మరోసారి ఇళ్లలోకి వచ్చింది.

మేలో తీసిన పూడిక అక్టోబరు దాకా అలాగే ఉండదు. మధ్యలో ఎవరో ఇల్లు కడతారు, ఇసుక కుప్ప కాలువలోకి జారుతుంది. టీ కప్పులు, కవర్లు, కొబ్బరి బోండాలు చేరతాయి. వినాయక చవితి పందిళ్ల చెత్త సరేసరి. అందుకే అర్జీకి అసలైన నెల ఆగస్టు. ఆగస్టులో అడిగితే సెప్టెంబరులో పని జరిగే వీలుంటుంది. అక్టోబరులో వాన పడుతుండగా వెళితే దొరికేది ఓదార్పే.

ఏం అడగాలి? నా అనుభవంలో చాలా అర్జీలు ఇక్కడే చచ్చిపోతాయి. మా వీధివాళ్లం మొదటిసారి రాసిన అర్జీలో పదకొండు కోరికలు ఉన్నాయి. కాలువ పూడిక, వీధి దీపాలు, కుక్కలు, తాగునీటి వేళలు, పార్కుకు గేటు, మలుపులో స్పీడ్ బ్రేకర్, ఒరిగిన కరెంటు స్తంభం, ఇలా సాగింది. రాసినవాణ్ని నేనే. చివర్లో ఎవరో బస్సు ఆపాలని కూడా చేర్పించారు. ప్రజాప్రతినిధి ఆ కాగితం చదివి, మడిచి, “అన్నీ చూద్దాం పెద్దాయనా” అన్నారు. అప్పుడు ఆయన మీద కోపం వచ్చింది. తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే తప్పు మాదేనని తెలిసింది. పదకొండు పనులు ఆరు శాఖలవి, ఆ కాగితాన్ని ఏ బల్ల మీదికి పంపాలో ఎవరికీ తెలియదు. మరుసటి ఏడాది ఒక్క కాలువ, అదీ ఒక మలుపు నుంచి ఒక కల్వర్టు వరకే అడిగాం.

అడిగే ముందు కొలిచాం. వెదురు కర్ర మీద అరడుగుకో గీత పెట్టాం. కాలువ లోతు మూడడుగులు. కర్రను మెల్లగా దింపితే నీళ్లు దాటి అడుగున్నర దగ్గర మెత్తగా ఆగింది. గట్టిగా నొక్కితే చిక్కటి నల్ల బురదలోంచి బుడగలు తేలాయి, కర్ర కాలువ నేలకు తగిలింది. అంటే సగం కాలువ కాలువే కాదు. బురద మొదలైన గీత దగ్గర ఎర్రగుడ్డ పీలిక కట్టి, పక్కన కరెంటు స్తంభం మీది నంబరు కనబడేలా ఫొటో తీశాం. ‘మా వీధి’, ‘రామాలయం వెనక’ అని రాస్తే ఊళ్లో అలాంటివి ఇరవై ఉంటాయి. స్తంభం నంబరు ఒక్కటే. తరువాత ఇంజినీరు వచ్చినప్పుడు ఆ కర్ర అడిగి తీసుకుని తానే దింపి చూశారు. నేను అరగంట చెప్పాలనుకున్నది ఆయనకు అరనిమిషంలో తెలిసింది.

అర్జీ ఇంత ఉంటే చాలు:

“డివిజన్ కార్పొరేటర్ గారికి. మా వీధిలో ఫలానా నంబరు స్తంభం నుంచి కల్వర్టు వరకు సుమారు 120 మీటర్ల మురుగు కాలువ ఉంది. లోతు మూడడుగులు. ఆగస్టు 10న కొలవగా అడుగున్నర పూడిక ఉంది. కల్వర్టు తూము సగం మూసుకుపోయింది. గత నవంబరులో ఏడు ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. సెప్టెంబరు 30లోగా పూడిక తీయించి, తీసిన మట్టిని రెండు రోజుల్లో తరలించాలని కోరుతున్నాం. కాలువ మీది బండలు మేమే ఎత్తి పెడతాం.”

‘తీసిన మట్టిని తరలించాలి’ అన్న మాట మరవకండి. తీసిన బురదను ఎండడానికని గట్టునే పోస్తారు. ట్రాక్టరు రాకముందే ఒక జల్లు పడితే అదంతా మళ్లీ కాలువలోకే పోతుంది. కాగితాల్లో మాత్రం పని పూర్తయినట్టే ఉంటుంది.

అర్జీలో బండల గురించిన చివరి వాక్యం మీద కాస్త ఎక్కువ చెప్పాలి. కాలువ మీద బండలు పరుచుకోని ఇల్లు మన వీధుల్లో అరుదు. కడప బండలు ఎక్కడో పట్నాల్లో వంటింటి గట్లవుతాయి, ఇక్కడ మురుగు కాలువలకు మూతలవుతాయి. వట్టి బండ అయితే గడ్డపారతో ఇద్దరు ఎత్తి పక్కన పెట్టగలరు. దాని మీద సిమెంటు వేసి బండికి ర్యాంపు కట్టుకుంటేనే చిక్కు. కార్మికులు వచ్చి, ర్యాంపు దగ్గర ఆగి, అది వదిలేసి ముందుకు వెళతారు. ఆ పదడుగుల పూడికే వీధంతటికీ ఆనకట్ట. కాబట్టి అర్జీ కార్పొరేటర్‌కు ఇచ్చే ముందు పక్కింటికి చెప్పాలి. మా వీధిలో ఒకావిడ తలుపు సగమే తీసి, “మా ర్యాంపు పగలగొట్టిస్తారా అన్నా?” అని అడిగింది. “లేదమ్మా, మధ్యలో రెండడుగులు కోసి బండ వేసుకుందాం, కావాలన్నప్పుడు ఎత్తుకోవచ్చు” అన్నాక మొదటి సంతకం ఆమే పెట్టింది. ఈ మాట ముందుగా కలపకపోతే ఆ ఇంటివారే రేపు అధికారికి ఫోను చేసి పని ఆపిస్తారు. వారిని తప్పుపట్టలేం.

ఇదే వరసలో ఇంకో హెచ్చరిక. ‘ఆక్రమణలు తొలగించాలి’ అన్న మాట అర్జీలో అలవాటుగా రాసేయకండి. ఆ మాటతో కాగితం పట్టణ ప్రణాళిక విభాగానికి వెళుతుంది. అక్కడి నుంచి మనుషులు వస్తే మొదట కదిలేది కాలువ మీదికి జరిగిన మూడంతస్తుల మెట్లు కాదు, మూలన ఇడ్లీ బండి. మీ ఇంట్లోకి నీళ్లు రాకూడదని రాసిన కాగితం ఇంకొకరి పొట్ట మీద పడుతుంది. నిజంగా నీటిని ఆపుతున్న కట్టడం ఉంటే దాన్ని మాత్రం కొలతలతో, వేరే అర్జీగా ఇవ్వండి.

కాలువ ఎవరిదో కూడా ముందే తెలుసుకోవాలి. వీధి మురుగు కాలువ నగరపాలక సంస్థది. బుగ్గవంక, దాని రక్షణ గోడ, ఎగువ జలాశయం గేట్లు జలవనరుల శాఖవి. జాతీయ రహదారి పక్క కాలువ రహదారుల వాళ్లది. ఒరిగిన స్తంభం, వేలాడే తీగ విద్యుత్ సంస్థవి, వాటికి 1912. వంక గోడ గురించి కార్పొరేటర్‌ను నిలదీస్తే ఆయన చేయగలిగింది ఒక సిఫారసు లేఖే. శాసనసభ్యుడి దగ్గరికి వెళ్లవలసింది ఇలాంటి, శాఖల మధ్య పడి నలిగే పనులకు. వీధి కాలువకు అంత దూరం వెళితే కార్పొరేటర్‌ను పక్కన పెట్టినట్టవుతుంది, ఆ తర్వాత ఆయన మీ వీధి ముఖం చూడరు.

అన్నిటికన్నా ముందు వార్డు సచివాలయంలో ఒక కాపీ ఇవ్వండి. 2019 అక్టోబరు 2 నుంచి ఉన్న ఏర్పాటు ఇది. పూడిక, చెత్త అయితే పారిశుద్ధ్య కార్యదర్శి, కల్వర్టు విరిగితే వసతుల కార్యదర్శి. వాళ్లు చిన్నవాళ్లని, చేతిలో ఏమీ ఉండదని చాలామంది దాటేసి వెళతారు. పై నుంచి ఆ అర్జీ తిరిగి విచారణకు వచ్చేది మాత్రం వాళ్ల దగ్గరికే. మిమ్మల్ని ముందే ఎరిగి ఉంటే వాళ్లు రాసే రెండు వాక్యాల తీరు వేరుగా ఉంటుంది.

కార్పొరేటర్ దగ్గరికి వెళ్లేటప్పుడు నలుగురు చాలు. నలభై మంది వెళితే అది ధర్నా అవుతుంది, ఆయన సమాధానమూ అలాగే ఉంటుంది. ఆ నలుగురిలో ఇద్దరు ఒక పార్టీవాళ్లయితే ఇద్దరు ఇంకో పార్టీవాళ్లు ఉండాలి. మన జిల్లాల్లో ఈ జాగ్రత్త అవసరమని వేరే చెప్పనక్కరలేదు. మురుగుకు పార్టీ లేదని మనకు తెలిసినా, అర్జీ తెచ్చింది ఎవరని అడిగేవాళ్లు ఉంటారు. ఇంట్లోకి నీళ్లు వచ్చిన ఇల్లాలు ఒకరు ఆ నలుగురిలో తప్పకుండా ఉండాలి. బియ్యం బస్తా ఏ ఎత్తు దాకా తడిసిందో ఆమెకే తెలుసు.

మన రాష్ట్రంలో స్థానిక సంస్థల సీట్లలో సగం మహిళలవి. కార్పొరేటర్ మహిళ అయితే చాలా చోట్ల మనల్ని కూర్చోబెట్టి మాట్లాడేది భర్తో, మరిదో. మాట్లాడితే మాట్లాడనివ్వండి. అర్జీ ఆమె పేరుమీదే ఉండాలి, ఆమె సంతకమే తీసుకోవాలి. సర్వసభ్య సమావేశంలో లేచి అడగగలిగేది ఆమె ఒక్కరే. వచ్చే సమావేశం ఎప్పుడో కనుక్కుని దానికి పది రోజుల ముందు వెళ్లడం మేలు. ‘చూస్తాం’ అన్న మాట కన్నా ‘సమావేశంలో లేవనెత్తుతాను’ అన్న మాట సంపాదించడం కష్టం, ఉపయోగం ఎక్కువ.

ఒక సంగతి చూసుకోండి. ఇక్కడి నగరపాలక సంస్థలకు ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి, పాలకవర్గం గడువు ఐదేళ్లు. గడువు ముగిసి, కొత్త పాలకవర్గం రాక, ప్రత్యేకాధికారి ఉన్న కాలంలో పాత కార్పొరేటర్ మాటకు పలుకుబడి ఉండవచ్చు గాని అధికారం ఉండదు. అప్పుడు కాగితం కమిషనర్ పేరుతో ఉండాలి, మర్యాదకు ఒక కాపీ ఆయనకూ ఇవ్వాలి. ఎన్నికల ప్రకటన వచ్చాక కొత్త పనులు మంజూరు చేయరు. పూడికతీత లాంటి రోజువారీ పని మాత్రం ఆగనక్కరలేదు. ‘కోడ్ ఉంది’ అంటే కొత్త కాలువ అడగడం లేదని, ఉన్నది శుభ్రం చేయమంటున్నామని చెప్పండి.

ఏ కార్యాలయంలో ఇచ్చినా రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి వాళ్లకు, రెండోదాని మీద ముద్ర, తేదీ, నంబరు మనకు. ముద్ర లేని అర్జీ ఉత్తరం కూడా కాదు, చిత్తు కాగితం. సోమవారాల్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో నమోదు చేయిస్తే రసీదు ఇస్తారు, ఫోనుకు సందేశాలు వస్తాయి. అర్జీ ఎంతవరకు వచ్చిందో 1100కు ఫోను చేసి అడగవచ్చు. అందుకే అందులో ఇచ్చే ఫోను నంబరు ఎత్తేవాళ్లది కావాలి. సందేశాలు చదవని పెద్దాయన నంబరు ఇస్తే ‘మీ అర్జీ పరిష్కరించబడింది’ అన్న సందేశం ఎవరూ చూడరు, చూసేసరికి కాలువ అలాగే ఉంటుంది. పని జరగకుండా ఆ సందేశం వస్తే అదే రోజు కర్ర దింపి, ఫొటో తీసి, పాత నంబరు వేసి మళ్లీ అర్జీ ఇవ్వాలి.

సమాచార హక్కు దరఖాస్తును మొదటి రోజే బయటికి తీయకండి. పది రూపాయల ఫీజు, తెల్లకార్డు ఉంటే అదీ లేదు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆయుధం మంచిదే. కాని అది చూపించాక ఎదుటివాళ్లు మనతో మాట్లాడడం మానేసి మన మీద ఫైలు నడపడం మొదలుపెడతారు. రెండు అర్జీలకూ కదలిక లేనప్పుడు వేయండి. ఈ కాలువ పూడికతీతకు ఏ తేదీన ఎంత ఖర్చు చూపారు, ఎం బుక్‌లో ఆ పేజీ నకలు ఇవ్వండి అని అడగండి. పని చేసిన కొలతలు రాసే పుస్తకం అది. అందులో మీ వీధి పేరు ఉండి, కాలువలో పూడికా ఉంటే ఇక మీరు వాదించవలసింది ఏమీ ఉండదు.

వీధి వాట్సాప్ గుంపులో కోపం చూపించకండి. అక్కడి మాట గంటలో కార్పొరేటర్ ఫోనులో ఉంటుంది. ఫొటోల్లో పారిశుద్ధ్య కార్మికుల ముఖాలు పెట్టి ‘పని చేయడం లేదు’ అని రాయడం ఇంకా తప్పు. నిర్ణయం వాళ్లది కాదు, తిట్లు మాత్రం వాళ్లకు పడతాయి. మూసుకుపోయిన మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించమని ఎంత తొందర ఉన్నా అడగకండి. రక్షణ సాధనాలు లేకుండా అలా దించడం 2013 చట్టం ప్రకారం నేరం. అందులోని విషవాయువు రెండు ఊపిరులకే మనిషిని పడేస్తుంది. యంత్రం రావడానికి ఇంకో రెండు రోజులు పట్టినా ఆగాల్సిందే.

పని జరిగే రోజు ఎవరో ఒకరు ఇంటి దగ్గర ఉండాలి. బండలు ముందు రోజు సాయంత్రమే ఎత్తి, పిల్లలు పడకుండా తెరిచిన చోట అడ్డంగా కట్టెలు పెట్టాలి. కార్మికులకు మంచినీళ్లు, టీ ఇవ్వండి. డబ్బు అడగకపోయినా వీధిలో చందా ఎత్తి చేతిలో పెట్టే అలవాటు కొందరికి ఉంది. వచ్చే ఏడాది నుంచి అది రేటు అవుతుంది.

వెదురు కర్రను పారేయకండి. సెప్టెంబరు చివర ఒకసారి, దీపావళికి ముందు ఒకసారి దింపి చూడాలి. బురద ఒక అడుగు మందం దాటితే ఇంకో అర్జీ ఇవ్వాలి, పైన పాత అర్జీ నంబరు వేసి.