నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో లోపం కనిపించిందా? రాసి పంపే ముందు ఇవి చూసుకోండి

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ (విండోస్‌లో పాఠం, కోడ్ రాసుకునే ఉచిత ప్రోగ్రాం) కొత్త వెర్షన్ వేసుకోగానే ఏదో ఒకటి మొరాయిస్తుంది. దాన్ని తయారుచేసేవారికి వెంటనే రాయాలనిపిస్తుంది, రాయాలి కూడా. కానీ ముందు ఇవి చూడండి.

• మీ అసలు ఫైలును జతచేయకండి. లోపాల నివేదికలు రాసేది గిట్‌హబ్ అనే వెబ్‌సైటులో; అక్కడ పెట్టింది అందరికీ కనిపిస్తుంది. తర్వాత దిద్దినా పాత పాఠం సవరణల చరిత్రలో ఉండిపోతుంది. లోపం బయటపడే నాలుగు వరుసల నమూనా చాలు.

• భద్రతా లోపమైతే బహిరంగంగా రాయకండి. దిద్దుబాటు రాకముందే దుర్వినియోగం కావచ్చు.

• ప్లగిన్లు (విడిగా చేర్చుకునే అదనపు సౌకర్యాలు) లేకుండా ఒకసారి తెరవండి (కమాండ్ లైన్‌లో ‘-noPlugin’ ఆప్షన్). లోపం మాయమైతే రాయాల్సింది ప్లగిన్ తయారుచేసినవారికి.

• ప్రశ్నార్థకం (?) మెనూలోని ‘డీబగ్ ఇన్ఫో’ అతికించండి. వెర్షన్, విండోస్ వివరాలు అందులోనే ఉంటాయి. అందులో కనిపించే ఫైలు దారిలో (పాత్) మీ పేరు ఉందేమో చూడండి.

• తెలుగు అక్షరాల సమస్యైతే ఫాంటు పేరు (గౌతమి, నిర్మలా యూఐ...) తప్పక రాయండి. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, కంప్యూటర్లు అక్షరాలకు వాడే యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. బ్యాక్‌స్పేస్ ఎన్నిసార్లు నొక్కితే ఏం మిగిలిందో వరుసగా చెప్పండి. తెలుగు చదవలేని ప్రోగ్రామర్‌కు అదే ఆధారం. మనం చెప్పకపోతే ఈ లోపాలు వారి కంటపడవు.

• కొత్త సౌకర్యం అడిగేటప్పుడు, ఏ పనిలో ఇబ్బంది పడుతున్నారో ముందు రాయండి. అంతకంటే సులువైన దారి వారికి తట్టవచ్చు.

• ఒక నివేదికలో ఒకే లోపం.