ఎరుపు కంటే ముందు స్కేలు చూడండి

నల్లగొండ, పాలమూరు కాలేజీల్ల ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు ట్రాక్టర్ ట్రాలీ ఛాసిస్సో, మిర్యాలగూడ రైస్ మిల్లుల ఉండే మోటార్ స్టాండో తీసుకొని కంప్యూటర్ల స్ట్రెస్ (బరువు పడితే లోపల పుట్టే ఒత్తిడి) ఎనాలిసిస్ చేస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! కాంటూర్ ప్లాట్‌ల (స్ట్రెస్‌ను రంగుల్ల చూపే బొమ్మల) ఎర్రగా కనబడంగనే "పార్ట్ ఫెయిల్" అని రిపోర్టుల రాసెయ్యకండి. ఆ మోడల్‌ల అన్నిటికన్నా ఎక్కువ స్ట్రెస్ ఎక్కడుంటే అక్కడ సాఫ్ట్‌వేర్ ఎరుపు వేస్తది, అంతే. అది 12 మెగాపాస్కల్ అయినా ఎరుపే, 400 అయినా ఎరుపే. లెజెండ్ (పక్కన ఉండే రంగుల స్కేలు) పై హద్దును మీ మెటీరియల్ యీల్డ్ స్ట్రెంత్‌కు (శాశ్వతంగా వంగుడు మొదలయ్యే స్ట్రెస్‌కు) మార్చుకోండి. ఈ250 స్టీలు, మందం 20 మిల్లీమీటర్ల లోపు అయితే 250 మెగాపాస్కల్. అప్పుడు అది దాటిన చోటే వేరుగా కనిపిస్తది.

అసలు తిప్పలు లోపలి మూలల కాడ. ఫిల్లెట్ (మూలల గుండ్రటి వంపు) ఇయ్యకుండా పదునుగా గీసిన మూలల మెష్ (మోడల్‌ను ఎలిమెంట్లు అనే చిన్న ముక్కలు చేసే జాలి) సైజు సగం చేసి మళ్ల రన్ చేయండి, ఇంకోసారి సగం చేయండి. విలువ ఒక కాడ నిలబడితే నమ్మొచ్చు. తగ్గించినకొద్దీ పెరుగుతనే పోతే అది సింగులారిటీ (పదును మూల వల్ల లెక్కల పుట్టే అంతులేని విలువ), ఆ నంబరుకు అర్థం లేదు. దాన్ని చూసి భయపడి ప్లేటు మందం పెంచితే ఇనుము ఖర్చే మిగులుతది. అసలు పార్టుల అక్కడ రేడియస్ ఉంటే మోడల్‌ల కూడా గీయండి. వెల్డింగ్ ఉంటే దాని లెక్క వేరే చూసుకోవాలె.

యావరేజింగ్ (పక్కపక్క ఎలిమెంట్ల విలువలను సగటు చేసి చూపుడు) ఆపేసి కూడా ఒకసారి ప్లాట్ చూడండి. పక్కపక్క ఎలిమెంట్ల మధ్య రంగు దూకుతుంటే మెష్ ఇంకా ముతకగనే ఉన్నట్టు. పోత ఇనుము పార్టయితే మాత్రం వాన్ మైసెస్ (అన్ని దిక్కుల స్ట్రెస్‌లను ఒక్క నంబరుగా కలిపే లెక్క) కాదు, గరిష్ఠ ప్రిన్సిపల్ స్ట్రెస్ (ఆ చోట అన్నిటికన్నా ఎక్కువగా లాగే స్ట్రెస్) పెట్టుకొని చూడండి.