ఇంటి గ్యారేజీలో పీపీఎఫ్ – మూడో పాఠం: మొదటి ముక్క రాకర్ ప్యానెల్ మీదే

పీపీఎఫ్ అంటే పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్, బండి పెయింట్‌కి గీతలు పడకుండా పైన అతికించే పారదర్శక ప్లాస్టిక్ పొర. రెండో పాఠంలో ఇచ్చిన పని పూర్తయిందా? ట్రక్కు కడగడం, ఐరన్ రిమూవర్ (పెయింట్‌కి పట్టిన ఇనుప రజను కరిగించే మందు) కొట్టడం, క్లే బార్‌తో (అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి బంకముద్ద) రుద్దడం. అన్నీ అయ్యాక ఒక పల్చటి ప్లాస్టిక్ సంచిలో చెయ్యి పెట్టి పెయింట్ మీద మెల్లగా రాసి చూడండి. చేతికి తెలియని గరుకు సంచిలోంచి బాగా తెలుస్తుంది. ఇసక కాగితంలా తగిలితే క్లే బార్ మళ్లీ తీయాల్సిందే, ఆ గరుకంతా రేపు ఫిల్మ్ కింద చిన్న చిన్న పొక్కుల్లా కనిపిస్తుంది, అప్పుడు తీయడానికి ఉండదు.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. మాది అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్, బండి ఫోర్డ్ ఎఫ్-250 ట్రెమర్ పికప్ ట్రక్కు, 35 అంగుళాల టైర్లది. శీతాకాలం శనివారాలు క్రౌన్ కింగ్ వైపు బ్రాడ్‌షా కొండల్లో మట్టి దారుల మీద తిరుగుతాం. దారికి రెండు పక్కలా మెస్కీట్ చెట్లు (మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టాలే, ముల్లు చూస్తే మీకే తెలుస్తుంది), వాటి మధ్యలో పిల్లిగోరులా వెనక్కి వంగిన ముళ్లుండే క్యాట్‌క్లా పొదలు. ఇరుకు చోట బండి దూరిస్తే రెండు పక్కలా సన్నటి గీతలు పడిపోతాయి. ఇక్కడివాళ్లు వాటికి ‘అరిజోనా పిన్‌స్ట్రైప్స్’ అని ముద్దుపేరు పెట్టుకుని నవ్వుకుంటారు కానీ, ఇంకా కంతులు కడుతున్న బండి మీద అవి పడితే నవ్వు రాదు.

సరే, ఇవాళ్టి పని. అందరికీ ముందు హుడ్ (బానెట్) మీద వేయాలని ఉంటుంది, ఎందుకంటే అదే కళ్లకు ఎదురుగా కనిపిస్తుంది. నేనూ అక్కడే మొదలుపెట్టి మూడున్నర గంటలు కొట్టుకుని చివరికి ముక్క మొత్తం పీకి చెత్తబుట్టలో పడేశాను. హుడ్ పెద్దది, ఒంపులున్నది, చిన్న తప్పు కూడా ఎండలో మెరుస్తూ కనిపిస్తుంది. రాకర్ ప్యానెల్ అలా కాదు. తలుపుల కింద పొడుగ్గా, దాదాపు చదునుగా ఉండే పట్టీ అది, మోకాలి ఎత్తులో ఉంటుంది కాబట్టి తప్పు చేసినా వంగి చూసేవాడు ఉండడు. పైగా ముందు టైరు విసిరే కంకర అంతా నేరుగా వచ్చి కొట్టేది అక్కడే, టైరు ఎంత వెడల్పైతే రాళ్లు అంత బయటికి చిమ్ముతాయి. నేర్చుకోవడానికీ అదే, అవసరమూ అదే.

ఒక్క మాట మాత్రం ముందే అనుకుందాం. ఫిల్మ్ గులకరాయిని ఆపుతుంది, ముల్లుని ఆపుతుంది. బండరాయి మీద రాకర్ కూర్చుంటే ఏ ఫిల్మూ ఆపదు, దానికి తలుపుల కింద బిగించే ఇనుప కడ్డీలు, అదే రాక్ స్లైడర్లే దిక్కు.

మొదటి పాఠంలో మందం గురించి చెప్పినప్పుడు ఒళ్లంతటికీ 8 మిల్ చాలని, రాకర్‌కి మాత్రం 10 మిల్ తీసుకోమని అన్నాను (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు, సుమారు 25 మైక్రాన్లు). మందం ఎక్కువైన కొద్దీ ఫిల్మ్ సాగడానికి మొరాయిస్తుంది, కానీ ఇక్కడ సాగదీసే పనే పెద్దగా లేదు కాబట్టి ఇబ్బంది ఉండదు.

ముందు టెంప్లేట్. గిఫ్టులు చుట్టే కాగితమైనా, కిరాణా సంచి చింపిందైనా సరే, రాకర్ మీద మాస్కింగ్ టేప్‌తో అతికించి అంచుల వెంబడి వేలితో నొక్కితే గీత పడుతుంది. ఆ గీత కంటే మూడు మిల్లీమీటర్లు లోపలికి కత్తిరించండి. అంచు దాకా తెస్తే బురద ముందు అక్కడే దూరి మూల లేపుతుంది. ఆ కాగితాన్ని ఫిల్మ్ మీద పెట్టి, టేబుల్ మీదే కోయండి. బండి మీద బ్లేడు పెట్టొద్దు, ఎంత చెయ్యి తిరిగినవాళ్లమైనా సరే. నా పాత బండికి ఒక షాపులో ఫిల్మ్ వేయిస్తే వాళ్లు బండి మీదే కోశారు, అప్పుడేమీ కనిపించలేదు, రెండేళ్లకి ఫిల్మ్ తీస్తే తలుపు అంచు వెంబడి క్లియర్ కోటులో (రంగు మీద ఉండే పారదర్శక పెయింట్ పొర) జుట్టంత సన్నటి గాటు బయటపడింది. వాళ్లతో వాదించి లాభం లేదనిపించి వదిలేశాను, కానీ ఇంట్లోనే నేర్చుకోవాలన్న పట్టుదల ఆ రోజే వచ్చింది.

ఇప్పుడు రెండు స్ప్రే సీసాలు కలుపుకుందాం. ఈ పాఠం మొత్తంలో నిదానంగా చదవాల్సింది ఇదే.

మొదటి సీసా జారుడు నీళ్లు. లీటరు డిస్టిల్డ్ వాటర్‌కి పావు చెంచా బేబీ షాంపూ, మహా అయితే అర చెంచా. కండిషనర్ కలిసిన షాంపూ వద్దు, దాని జిడ్డు జిగురు మీద ఉండిపోతుంది. కొళాయి నీళ్లు కూడా వద్దు, ఫీనిక్స్ నీళ్లలో సున్నం ఎక్కువ, ఆరాక తెల్ల మరకలు ఫిల్మ్ కింద ఇరుక్కుపోతాయి. హైదరాబాదులో బోరు నీళ్లు వాడేవాళ్లకీ ఇదే మాట. రెండో సీసా పట్టు నీళ్లు. 70 శాతం రబ్బింగ్ ఆల్కహాల్ ఒక వంతు, డిస్టిల్డ్ వాటర్ మూడు వంతులు. సీసాల మీద పేర్లు రాసుకోండి, మధ్యలో తారుమారైతే నరకం.

ఈ రెండూ ఎందుకంటే, ఫిల్మ్ వెనక ఉండే జిగురు ఒత్తిడికి పట్టుకునే రకం. పొడిగా తగిలితే తగిలిన చోటే కరుచుకుంటుంది, మళ్లీ జరపలేం. మధ్యలో సబ్బు నీళ్ల పొర ఉన్నంతసేపు ఫిల్మ్ తేలుతూ ఉంటుంది, ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చు. స్క్వీజీతో (నీళ్లు తోసే రబ్బరు పలక) ఆ నీళ్లు బయటికి నెట్టేసినప్పుడు జిగురు పెయింట్‌ని ముట్టుకుంటుంది. కొన్ని చోట్ల, ముఖ్యంగా మూలల్లో, సబ్బు వల్ల ఫిల్మ్ జారుతూనే ఉంటుంది, అక్కడ ఆల్కహాల్ నీళ్లు కొడితే సబ్బు పలచబడి, ఆల్కహాల్ ఇట్టే ఆరిపోయి జిగురు పట్టు దొరుకుతుంది. అంటే ఒకటి జరపడానికి, ఒకటి ఆపడానికి. మూల నిలబడటం లేదని హీట్ గన్‌తో కాల్చేసేవాళ్లని చూశాను, అక్కడ కావాల్సింది వేడి కాదు, పట్టు నీళ్లు.

గ్యారేజీలో వేడి 15 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే హాయి. మా ఊళ్లో జూన్‌లో మధ్యాహ్నం చేస్తే నీళ్లు కొట్టిన నిమిషంలోనే ఆరిపోతాయి, కాబట్టి వేసవిలో తెల్లవారుజామున ఐదింటికి లేవాలి లేదా నవంబరు దాకా ఆగాలి. ఫ్యాన్ ఆపేయండి, నేల మీద నీళ్లు చల్లండి, దుమ్ము లేవదు. ఉన్ని స్వెట్టర్ వేసుకుని రాకండి, నవ్వకండి, ఒక నూలు పోగు చాలు పని చెడటానికి.

రెండో మనిషి కావాలి. మా బావమరిదిని పిలిచాను, వాడు యూట్యూబ్‌లో చూసొచ్చి జేబులోంచి నాలుగు అయస్కాంతాలు తీసి "బావా, వీటితో పట్టుకుంటే చాలదా, నేనెందుకు?" అన్నాడు. పెట్టి చూడరా అన్నాను. టపటపా కింద పడ్డాయి. 2017 మోడల్ నుంచి ఫోర్డ్ సూపర్ డ్యూటీ బాడీ అల్యూమినియం, ఛాసిస్ మాత్రమే ఉక్కు. మీది ఉక్కు బాడీ అయితే అయస్కాంతాలు పనికొస్తాయి, లేదంటే ఇంకో జత చేతులే.

ప్యానెల్‌ని జారుడు నీళ్లతో బాగా తడపండి, మీ వేళ్లు కూడా తడుపుకోండి. పొడి వేలు జిగురుకి తగిలితే వేలిముద్ర అక్కడే ఉండిపోతుంది. ఒకరు ఫిల్మ్ పట్టుకుంటే ఇంకొకరు వెనక కాగితం లాగాలి, లాగుతున్నంతసేపూ బయటపడుతున్న జిగురు మీద నీళ్లు కొడుతూనే ఉండాలి. మధ్యలో ఆగకండి, ఆగిన చోట జిగురు మీద అడ్డంగా ఒక గీత పడుతుంది. నీళ్లు ఎక్కువయ్యాయేమో అని టెన్షన్ అక్కర్లేదు. చెప్పులు తడిసి చప్పుడు చేస్తుంటే సరిపడా కొట్టినట్టే.

ఫిల్మ్ పెట్టి, ప్యానెల్ అంచులకి అన్ని వైపులా ఆ మూడు మిల్లీమీటర్ల ఎడం ఉండేలా సరిచేసుకుని, ముందు మధ్యలో ఒక్క జానెడు చోట స్క్వీజీ గట్టిగా లాగండి. అది లంగరు. అక్కడి నుంచి ఒక చివరికి, తర్వాత రెండో చివరికి, ప్రతి లాగుడూ ముందు దాని మీద సగం ఎక్కుతూ పోవాలి. స్క్వీజీ లాగే ముందు ఫిల్మ్ పైన కూడా నీళ్లు కొట్టాలి, లేకపోతే రబ్బరు కీచుమని పట్టేసి ఫిల్మ్‌ని ఈడ్చేస్తుంది.

మీకు తప్పకుండా ఎదురయ్యేది మడతలు. అంచు దగ్గర వేళ్లలా సన్నగా లేస్తాయి, పనివాళ్లు వాటిని ఫింగర్స్ అనే అంటారు. వాటిని స్క్వీజీతో అణగదొక్కాలనిపిస్తుంది, వద్దు. ఆ మూల లేపి, జారుడు నీళ్లు కొట్టి, మడత ఉన్న దిక్కుకే కొంచెం లాగి మళ్లీ పరిస్తే పోతుంది. జిగురు జిగురుకే అంటుకుపోతే కంగారుపడి లాగకండి, మధ్యలోకి నీళ్లు కొట్టి మెల్లగా విడదీయండి. నలక ఇరుక్కుంటే అదే పద్ధతి, లేపి నీళ్లతో తోసేయాలి, కింద గోరు పెట్టి గీకొద్దు.

ఇంకో అనుమానం బుడగలు. వేలితో నొక్కితే జరిగేది నీళ్ల బుడగ, రెండు వారాల్లోపు ఫిల్మ్‌లోంచే ఆవిరైపోతుంది. దాన్ని వదిలేయండి, సూదితో పొడవకండి. గాలి బుడగ దానంతట అది పోదు, ఆ రోజే అంచు దాకా నెట్టేయాలి.

పైన గీతలు పడ్డాయని కూడా భయపడకండి, స్క్వీజీ గీతలు ఫిల్మ్ పైపొర తనే పూడ్చుకుంటుంది, మర్నాడు ఎండలో నిలబెడితే చాలు. లోతుగా తెగితే మాత్రం అతుక్కోదు.

వారం రోజులు కడగకండి, మట్టి దారికి వెళ్లకండి. ఆ తర్వాత ప్రెషర్ వాషర్ కొడితే రెండు అడుగుల దూరం నుంచి కొట్టండి, ఫిల్మ్ అంచులోకి ఎదురుగా కొట్టకండి. తలుపుల మీద, చక్రాల పైన ఉండే నల్లటి గరుకు ప్లాస్టిక్‌కి కూడా వేస్తానని కొందరు అడిగారు, గరుకు మీద జిగురు నిలవదు, ఫిల్మ్ దండగ.

వచ్చే పాఠం వెనక చక్రం వెనకాల ఉండే బెడ్ (సామాన్లు పెట్టే తొట్టి) పక్క. అక్కడ ఒంపు ఉంది కాబట్టి హీట్ గన్ బయటికి తీస్తాం. ఈలోపు రెండో వైపు రాకర్ కూడా పూర్తి చేసుకోండి. దానికి ఇదే కాగితం టెంప్లేట్ వాడుకోవచ్చు, కానీ తిరగేసి పెట్టాలి, జిగురు ఎటువైపు ఉందో చూసుకుని మరీ కోయండి. నా దగ్గర కుడి వైపు ముక్క ఒకటి ఇంకా ఎక్స్‌ట్రా ఉంది, ఎఫ్-250 వాళ్లెవరికైనా కావాలంటే వచ్చి తీసుకెళ్లండి.