బోర్డు వైఫై కనపడదు, కనపడితే కలవదు, కలిస్తే పేజీ రాదు

వైఫై ఉన్న చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు ఈఎస్‌పీ8266 అయినా ఈఎస్‌పీ32 అయినా, బోర్డునే యాక్సెస్ పాయింట్‌గా, అంటే ఫోన్ నేరుగా కలిసే వైఫై నెట్‌వర్క్‌గా పెట్టడానికి కావాల్సిన కోడ్ రెండు మూడు లైన్లు. అందుకే అది పనిచేయకపోతే ఎక్కడ వెతకాలో తోచదు. చాలామంది గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఒకేసారి లైబ్రరీ, కేబుల్, బోర్డు అన్నీ మార్చేస్తారు. అలా వద్దు. ఫోన్ లిస్టులో పేరు వచ్చిందా, కనెక్ట్ అయిందా, ఐపీ అడ్రస్ దొరికిందా, పేజీ తెరుచుకుందా, ఈ నాలుగింటిలో ఎక్కడ ఆగిందో ముందు చూడండి. కారణం అక్కడే దొరుకుతుంది.

పేరే కనపడటం లేదు, లేదా మీరు పెట్టని పేరు కనపడుతోంది

ముందు బోర్డు పంపే మెసేజ్‌లను కంప్యూటర్లో చూపే సీరియల్ మానిటర్ తెరవండి. స్పీడు మీ కోడ్‌లో పెట్టిందే ఉండాలి, మామూలుగా 115200. ఈఎస్‌పీ8266 ఆన్ అవగానే కాసేపు పిచ్చి గీతలు వస్తే కంగారు పడకండి, దాని బూట్ మెసేజ్‌లు 74880 స్పీడులో వస్తాయి కాబట్టి అలా కనపడతాయి, అంతే.

ఇప్పుడు యాక్సెస్ పాయింట్‌ను మొదలుపెట్టే సాఫ్ట్ఏపీ ఫంక్షన్ తిరిగిచ్చే విలువను ప్రింట్ చేయండి. ఎక్కువ మంది చేయనిది ఇదే. అది ట్రూ లేదా ఫాల్స్ అని చెబుతుంది, మనం వినిపించుకోం. నేను ఒకసారి టెస్టింగే కదా అని పాస్‌వర్డ్ 1234567 అని పెట్టి ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. ఫోన్లో నా పేరుకు బదులు ఈఎస్‌పీ అని మొదలై, చివర ఏవో అంకెలూ అక్షరాలూ ఉన్న నెట్‌వర్క్ వస్తోంది, దానికి పాస్‌వర్డ్ కూడా లేదు. బోర్డు పాడైందనే అనుకున్నాను. తీరా చూస్తే పాస్‌వర్డ్‌కు కనీసం 8 అక్షరాలు ఉండాలి, నాది 7. ఫంక్షన్ ఫాల్స్ ఇచ్చి ఊరుకుంది, బోర్డు తన సొంత డిఫాల్ట్ పేరుతో పైకి వచ్చింది. ఒక్క అంకె చేర్చగానే సరిపోయింది.

పేరు పొడవు కూడా చూడండి. నెట్‌వర్క్ పేరుకు హద్దు 32 బైట్లు, అక్షరాలు కాదు. ఇంగ్లిష్‌లో రాస్తే రెండూ ఒకటే, తెలుగులో రాస్తే మాత్రం గుణింతపు గుర్తుతో సహా ఒక్కోదానికి 3 బైట్లు పోతాయి. "తోట మోటారు" అంటే 28 బైట్లు, పడుతుంది. ముందు "మా" చేర్చారా, 35 అయింది, ఇక పట్టదు.

ఫాల్స్ రాలేదు, అయినా పేరు కనపడటం లేదంటే చానల్ చూడండి. 12, 13 చానళ్లను కొన్ని ఫోన్లు పట్టించుకోవు. 1, 6, 11లో ఏదో ఒకటి పెట్టండి. ఎక్కడినుంచో కాపీ చేసిన కోడ్ అయితే సాఫ్ట్ఏపీకి ఇచ్చే నాలుగో విలువ, పేరును దాచే హిడెన్, 1 ఉందేమో కూడా చూసుకోండి.

కనపడుతుంది, అంతలో మాయమవుతుంది

ఇది దాదాపు ఎప్పుడూ కరెంటు గొడవే. వైఫై సిగ్నల్ పంపే క్షణంలో ఈఎస్‌పీ32 ఒక్కసారిగా 240 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆ సమయానికి వోల్టేజీ పడిపోతే బోర్డు రీస్టార్ట్ అవుతుంది, సీరియల్ మానిటర్‌లో వోల్టేజీ పడిపోవడాన్ని పట్టే బ్రౌనౌట్ డిటెక్టర్ ట్రిగ్గర్ అయిందని కనపడుతుంది. ఆ మెసేజ్ చూశాక కోడ్ జోలికి వెళ్లకండి. బ్రౌనౌట్ డిటెక్టర్‌ను కోడ్‌లో ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు, అది జ్వరం తగ్గలేదని థర్మామీటర్ పారేయడం లాంటిది.

సన్నటి, పొడుగాటి యూఎస్‌బీ కేబుల్ మార్చి చూడండి, లాప్‌టాప్ పోర్టు బదులు కనీసం 500 మిల్లీ ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ పెట్టండి. విడి మాడ్యూల్‌ను యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్‌లోని 3.3 వోల్టుల పిన్ నుంచి నడిపిస్తుంటే అసలు చాలదు, ఎఫ్‌టీ232ఆర్ చిప్ ఆ పిన్ మీద ఇచ్చేది 50 మిల్లీ ఆంపియర్లే. విడిగా 3.3 వోల్టుల రెగ్యులేటర్ పెట్టి, మాడ్యూల్ పవర్ పిన్లకు దగ్గరగా 100 నుంచి 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్ వేయండి. రిలే, మోటారు లాంటివి ఉంటే వాటి పవర్ వేరుగా, గ్రౌండ్ మాత్రం కలిపి.

ఐపీ అడ్రస్ దగ్గర తిరుగుతూనే ఉంటుంది

మీరు ఈమధ్యే పాస్‌వర్డ్ మార్చి ఉంటే ఫోన్ పాతదే పట్టుకుని వేలాడుతుంటుంది, ఆ నెట్‌వర్క్‌ను ఫర్గెట్ కొట్టి మళ్లీ కలవండి. సొంత ఐపీ ఇచ్చుకుని ఉంటే అదీ, గేట్‌వే కూడా ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి. ఇక్కడ బోర్డే గేట్‌వే కాబట్టి రెండు చోట్లా ఒకే అడ్రస్ రాయడం తేలిక. ఏమీ ఇవ్వకపోతే 192.168.4.1 వస్తుంది, అదే చాలు. ఇంకోటి, డిఫాల్ట్‌గా ఒకేసారి 4 పరికరాలకే చోటు. అయిదో ఫోన్ బయటే ఉంటుంది.

కనెక్ట్ అయింది, పేజీ మాత్రం రాదు

ఈ బోర్డు ఇచ్చే వైఫైలో ఇంటర్నెట్ ఉండదు. ఫోన్ అది గమనించి, మనకు చెప్పీచెప్పకుండా మొబైల్ డేటా మీదకు వెళ్లిపోతుంది. మొబైల్ డేటా ఆపేసి, ఇంటర్నెట్ లేకపోయినా ఈ నెట్‌వర్క్‌లోనే ఉండాలా అని అడిగితే ఉండమనండి. అడ్రస్ ముందు హెచ్‌టీటీపీ అని మీరే టైప్ చేయండి, బ్రౌజర్ తనంతట తాను చివర ఎస్ తగిలిస్తే బోర్డు పలకదు.

పేజీ వస్తోంది గానీ అయిదారు సెకన్లు పడుతోందా? లూప్‌లో ఎక్కడో డిలే ఉంటుంది. సెన్సర్ చదివి డిలే 5000 అని రాశారనుకోండి, ఆ అయిదు సెకన్లూ బ్రౌజర్‌కు జవాబిచ్చే హ్యాండిల్ క్లయింట్ ఫంక్షన్ వంతు రాదు, బ్రౌజర్ గుమ్మంలో నిలబడి ఉంటుంది. డిలే తీసేసి, బోర్డు ఆన్ అయి ఎన్ని మిల్లీసెకన్లయిందో చెప్పే మిల్లీస్‌తో సమయం లెక్కపెట్టుకోండి.

రౌటర్‌కూ కలిపి, యాక్సెస్ పాయింట్‌గానూ పెడితే ఫోన్ ఊడిపోతోంది

ఎక్కువ తల తినేది ఇది. పవర్ బాగుంటుంది, కోడ్ బాగుంటుంది, అయినా పది ఇరవై సెకన్లకోసారి ఫోన్ డిస్‌కనెక్ట్ అవుతుంది. చిప్‌లో ఉన్న రేడియో ఒక్కటే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నట్టు, ఆ రేడియో ఒక సమయంలో ఒక చానల్ మీదే ఉండగలదు. మీరు యాక్సెస్ పాయింట్‌ను 1లో పెట్టారు, రౌటర్ 11లో ఉంది. రౌటర్‌కు కలవగానే మీ యాక్సెస్ పాయింట్ కూడా 11కు పోవాల్సిందే, అందులో ఉన్న ఫోన్ ఆ కుదుపుకు ఊడిపోవచ్చు. రౌటర్ చానల్‌ను ఏదో ఒకదానికి ఫిక్స్ చేసి, బోర్డుకూ అదే ఇవ్వండి.

రౌటర్ ఆపేసి ఉన్నా, దాని పాస్‌వర్డ్ మారిపోయినా ఇంకా ఇబ్బంది. బోర్డు రౌటర్ కోసం ఒక్కో చానల్ వెతుక్కుంటూ పోతుంది, అది వేరే చానల్లో ఉన్నంతసేపూ మీ ఫోన్‌కు జవాబిచ్చేవాళ్లుండరు. ఆటో రీకనెక్ట్ ఆపేయండి. ఒక పది సెకన్లు ప్రయత్నించి దొరక్కపోతే స్టేషన్‌ను, అంటే రౌటర్‌కు కలిసే వైపును, డిస్‌కనెక్ట్ చేసి, కొన్ని నిమిషాలాగి మళ్లీ చూసేలా రాయండి. నేనైతే ఇంకో షరతు పెడతాను: యాక్సెస్ పాయింట్‌కు ఎవరైనా కలిసి ఉన్నంతసేపు రౌటర్ జోలికే వెళ్లొద్దని. ఎన్ని పరికరాలు కలిసి ఉన్నాయో చెప్పే సాఫ్ట్ఏపీ గెట్ స్టేషన్ నంబర్ సున్నా అయితేనే వెతకాలి.

వైఫై ఆన్ చేయగానే సెన్సర్ రీడింగ్ చెడిపోయింది

మామూలు ఈఎస్‌పీ32లో జీపీఐఓ (పిన్ నంబర్) 0, 2, 4, 12 నుంచి 15, 25 నుంచి 27 వరకు ఉన్న అనలాగ్ పిన్లు ఏడీసీ2 అనే రెండో అనలాగ్ రీడింగ్ యూనిట్‌వి, వైఫై నడుస్తుంటే అవి అనలాగ్ రీడింగ్‌కు పనికిరావు. సెన్సర్ వైరు తీసి 32 నుంచి 39 లోపు బయటికి ఇచ్చిన పిన్లలో ఒకదానికి పెట్టి, కోడ్‌లో నంబర్ మార్చండి.