విరిగిన బోల్టును పారేసే ముందు ఏం చూడాలి?

వాషింగ్ మెషీన్‌లోనో గ్రైండర్‌లోనో బోల్టు విరిగితే చాలామంది ఆ ముక్కను పారేసి, అంతకంటే గట్టిదాన్ని తెచ్చి బిగిస్తారు. అది ఎందుకు విరిగిందో తెలియనంత వరకు కొత్తదీ అదే దారి పట్టవచ్చు.

ముందు ప్లగ్గు తీసి, రెండు ముక్కలనూ, నట్టునూ, వాషర్లనూ భద్రపరచి, ఏది ఎక్కడిదో రాసుకోవాలి. ముక్కలను ఒకదానికొకటి అతికించి చూడాలనిపించడం సహజమే గాని, అలా చేస్తే విరిగినచోట ఉన్న సన్నని గుర్తులు నలిగిపోతాయి. తుప్పును గీకడం కూడా తగదు.

తరువాత టార్చి వెలుగు పక్కనుంచి ఏటవాలుగా పడేలా పట్టి, పదిరెట్లు పెంచి చూపే భూతద్దంతో పరిశీలించాలి. నీరు తగ్గేకొద్దీ చెరువు గట్టు మీద మిగిలే చారల్లాంటి వంపు గీతలు అంచున ఒకచోట మొదలై నునుపైన భాగమంతటా పరచుకొని, మిగిలిన కొద్దిభాగం మాత్రం గరుకుగా ఉంటే, అది లోహపు అలసట వల్ల, అంటే మళ్లీమళ్లీ పడే లాగుడుకు పగులు కొద్దికొద్దిగా పెరిగి, విరిగిందని దాదాపు నిశ్చయించవచ్చు. ఆ పగులు చాలాసార్లు నట్టులోకి దిగే మొదటి మర దగ్గరే పుడుతుంది, ఎందుకంటే భారంలో సుమారు మూడోవంతు ఆ ఒక్క మరే మోస్తుంది. నిమిషానికి 1200 చుట్లు తిరిగే డ్రమ్ము సెకనుకు 20 సార్లు బోల్టును లాగి వదులుతుంది; పది నిమిషాల స్పిన్‌లో అది 12,000 సార్లు. బిగువు సరిగా ఉన్నప్పుడు ఈ కుదుపులో కొద్దిపాటే బోల్టు మీద పడుతుంది, వదులైతే చాలావరకు అదే భరించాలి. అందుకే ఇలాంటి విరుపుకు నా మొదటి అనుమానం బోల్టు నాణ్యత మీద కాక బిగింపు మీదే. కోలగా అరిగిన రంధ్రం, అతుకు చుట్టూ ఎర్రటి పొడి కనిపిస్తే ఆ అనుమానం బలపడుతుంది.

విరిగినచోట లోహం సాగి సన్నబడి ఉంటే అధిక భారమూ, గుండ్రంగా సుడి తిరిగిన గీతలుంటే బిగించేటప్పుడు అతిగా తిప్పడమూ కారణాలు. బిగించిన కొన్ని గంటలకో రోజులకో, ఏమాత్రం సాగకుండా పుటుక్కున విరిగిన జింకు పూత బోల్టు తల మీద 10.9 లేదా 12.9 అని (ఇవి ఎక్కువ బలమున్న తరగతుల గుర్తులు) ఉంటే, పూత వేసేటప్పుడు ఉక్కులోకి చేరిన హైడ్రోజన్ దాన్ని పెళుసుగా మార్చిందేమో ఆలోచించాలి.

కొత్త బోల్టు పాతదాని తరగతిదే కావాలి: 8.8 అంటే తన్యబలం (తెగేలోపు తట్టుకోగల లాగుడు) 800 మెగాపాస్కల్స్, అందులో 80 శాతం దగ్గర అది శాశ్వతంగా సాగడం మొదలవుతుంది. బిగించాక నట్టు మీదుగా పక్కనున్న రేకు దాకా పెయింటుతో ఒక గీత గీసి, కొన్నిసార్లు వాడిన తరువాత ఆ గీత చెదిరిందేమో చూడాలి.