పీఎన్‌జీ పంపామంటారు, లోగో వెనక తెల్ల డబ్బా వస్తుంది

ఆత్రేయపురం పూతరేకుల ప్యాకెట్ స్టిక్కర్ కానీ, భీమవరంలో సంక్రాంతి ఫ్లెక్సీ కానీ, రంగు బ్యాక్‌గ్రౌండ్ మీద లోగో పెట్టగానే చుట్టూ తెల్ల డబ్బా కనిపిస్తే ముందు ఫైల్ పేరు చివర ఏముందో చూడండి. జేపీజీ అని ఉంటే ఇంకేమీ వెతకక్కర్లేదు, ఆ ఫార్మాట్‌కి ట్రాన్స్‌పరెన్సీ, అంటే వెనక రంగు కనబడేలా ఖాళీగా ఉండే గుణం, లేనే లేదు. అసలు డిజైన్ ఫైల్ తెరిచి, ట్రాన్స్‌పరెంట్ బ్యాక్‌గ్రౌండ్ టిక్ చూసుకుని, ఆ గుణం ఉన్న పీఎన్‌జీ ఫార్మాట్‌లో తీయండి. ఈ ఒక్కటి చూడకుండా గంటలకొద్దీ ఎరేజర్‌తో గీకుతూ కూర్చునేవాళ్లని చూస్తే బాధేస్తుంది.

"మేం పీఎన్‌జీయే పంపామండీ" అంటారు, అయినా తెలుపు పోదు. నన్ను ఎక్కువ ఏడిపించిన కారణం ఇదే, ఫైల్ వచ్చిన దారి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే మధ్యలోనే జేపీజీ అయిపోతుంది, హెచ్‌డీ నొక్కినా అంతే. పంపినవాళ్ల ఫోన్‌లో పీఎన్‌జీ అలాగే ఉంటుంది కాబట్టి వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, మీ చేతికి వచ్చింది మాత్రం వేరే ఫైల్. అమలాపురంలో షాపు ఓనరు, రాజమండ్రిలో డిజైనరు ఒకరి మీద ఒకరు విసుక్కోవడం ఇక్కడే మొదలవుతుంది. ఆపైన ఎవరో ఒకరు ఆ జేపీజీనే తెరిచి పీఎన్‌జీగా సేవ్ చేస్తారు, ఇక పేరు చూసినా దొరకదు, లోపల తెలుపు మాత్రం తెలుపే.

అందుకని పేరుని నమ్మొద్దు. ఒక ఎర్ర డబ్బా గీసి దాని మీద లోగో పెట్టండి, చుట్టూ ఎరుపు కనబడితేనే అది ట్రాన్స్‌పరెంట్. నెట్‌లో దింపిన బొమ్మ వెనక బూడిద, తెలుపు గళ్లు ఎరుపు మీద కూడా అలాగే ఉంటే ఆ గళ్లు బొమ్మలో భాగమే, వదిలేయండి. లోగో మళ్లీ పంపమన్నప్పుడు డాక్యుమెంట్‌గా పంపమని గట్టిగా చెప్పండి, లేదా మెయిల్‌లో అటాచ్ చేయమనండి. అప్పుడు ఫైల్ ఉన్నదున్నట్టు వస్తుంది.

అంచులు రంపపు పళ్లలా ఉంటే అది జిఫ్ అనే ఫార్మాట్ ఫైల్ అయ్యుంటుంది. జిఫ్‌లో ప్రతి చుక్కా పూర్తిగా కనబడాలి, లేకపోతే పూర్తిగా మాయమవ్వాలి, మామూలు పీఎన్‌జీలో అయితే పూర్తిగా మాయం నుంచి పూర్తిగా కనబడేదాకా 256 మెట్లు ఉంటాయి. మన అక్షరాలన్నీ వంపులే కాబట్టి తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

వెబ్‌సైట్‌కైతే వెబ్‌పీ అనే ఫార్మాట్ వాడండి, ట్రాన్స్‌పరెన్సీ ఉంటుంది, సైజు కూడా తక్కువ. ప్రింటింగ్ షాపుకి మాత్రం పంపొద్దు, పాత సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోదు. విండోస్‌లోని పాత పెయింట్ ప్రోగ్రామ్‌లో తెరిచి సేవ్ చేసినా ట్రాన్స్‌పరెన్సీ పోతుంది. పెద్ద ఫ్లెక్సీకి చిన్న పీఎన్‌జీ సాగదీస్తే మసకే, వెక్టర్‌లో, అంటే చుక్కలుగా కాక ఎంత సాగదీసినా చెదరని గీతలుగా, గీసిన పీడీఎఫ్ కానీ ఎస్‌వీజీ కానీ అడగండి.