కారులో ఘంటసాల గొంతు ఎక్కడి నుంచి వినిపిస్తోంది?

కారు కొన్న మొదటి ఆదివారం నాన్నని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని విశాఖ బీచ్ రోడ్డు మీదుగా భీమిలి బయల్దేరాను. రుషికొండ దాటాక పెన్‌డ్రైవ్‌లోంచి ఘంటసాల పాట వచ్చింది. నాన్న కాసేపు విని, కిందకి వంగి చూసి, "ఏటమ్మా, ఆ మహానుభావుడు నా మోకాలి కాడ కూకుని పాడతన్నాడేటి?" అన్నారు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కారుతో వచ్చిన ముందు స్పీకర్లు రెండూ డోర్ల అడుగున, మన పిక్కల ఎత్తులో ఉంటాయి. గొంతు అక్కడి నుంచే వస్తుంది, అదీ డోర్ రేకు అదురుతో కలిసి. రోజూ మధురవాడ నుంచి గాజువాక వెళ్లి వస్తాను. హనుమంతవాక, ఎన్ఏడీ జంక్షన్ల దగ్గర ఆగుతూ రానూపోనూ రెండు గంటలు పైనే పడుతుంది. అంతసేపు విన్నాక చెవులు అలిసిపోతున్నాయని నాన్న మాటతోనే నాకు అర్థమైంది.

మొదట నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. ఇరవై రెండు వేలు పెట్టి పెద్ద ఆండ్రాయిడ్ స్క్రీన్ వేయించాను, గొంతు ఏమీ మారలేదు. స్క్రీన్ మీద "50 వాట్లు × 4" అని రాసి ఉంటుంది, అది ఒక్క క్షణం ఇవ్వగల గరిష్ఠం. పన్నెండు వోల్టుల బ్యాటరీతో, లోపలున్న చిన్న చిప్‌తో, నికరంగా వచ్చేది ఛానెల్‌కి, అంటే ఒక్కో స్పీకర్‌కి, 18 వాట్లు అటూఇటూ. కంపెనీ స్టీరియోలోనూ దాదాపు అంతే. అందుకే డబ్బు ఈ వరసలో పెట్టండి: ముందు డోర్లు, తర్వాత ముందు స్పీకర్లు, ఆపైన యాంప్లిఫయర్, చివర్న స్క్రీన్. వెనక స్పీకర్లు ఉన్నవే ఉండనివ్వండి. వాటి మీద పెట్టే డబ్బు కూడా ముందు వాటి మీదే పెట్టండి.

ఖర్చు పెట్టకముందే ఒక పరీక్ష చేయండి. ఘంటసాల పాత పాటలు చాలావరకు మోనో రికార్డింగులు, అంటే కుడి ఎడమ స్పీకర్లకి వెళ్లేది ఒకటే శబ్దం. కొత్త వాద్యాలు కలిపి స్టీరియో చేసినవి కాకుండా అసలు రికార్డింగే తీసుకోండి. బ్యాలెన్స్ (కుడి ఎడమ), ఫేడర్ (ముందు వెనక) మధ్యలో పెట్టి, బాస్, ట్రెబుల్ సున్నాకి తెచ్చి కళ్లు మూసుకుని వినండి. అన్నీ సరిగ్గా ఉంటే గొంతు ఒక్క చోట నిలబడాలి, మీ సీటు పక్కకి కాస్త జరిగినా పర్లేదు. అలా కాకుండా కారంతా పరుచుకుని, బాస్ పలచగా ఉంటే ఒక స్పీకర్‌కి ప్లస్ మైనస్ తిరగబడి ఉండొచ్చు. బ్యాలెన్స్‌ని పూర్తిగా ఒక పక్కకి తిప్పండి. ఒక్క స్పీకర్ పాడుతున్నప్పుడే బాస్ ఎక్కువగా వినిపిస్తే అనుమానం నిజమే. నా కారులో ఒక షాపులో ఎడమ పక్క అలాగే తిప్పి కలిపారు, నాలుగు నెలలు గుర్తుపట్టలేదు. పెన్సిల్ సెల్‌ని స్పీకర్ తీగలకి ఒక్క క్షణం తగిలించినప్పుడు కోన్ (స్పీకర్ మధ్య అదిరే గరాటు) బయటికి జరిగితే, సెల్ ప్లస్ తగిలిన తీగే ప్లస్.

ఇక డోర్. నా లెక్కలో స్పీకర్ బాక్స్ అంటే డోరే. బయటి రేకుని వేలి కణుపుతో కొట్టి చూడండి, నూనె డబ్బాలా 'డబ్' మంటుంది. పాటలో మృదంగం కొట్టినప్పుడల్లా ఆ రేకు కూడా అలాగే మోగుతోందన్న మాట.

లోపలి హ్యాండిల్ వెనక, ఆర్మ్‌రెస్ట్ గుంటలో ఉన్న స్క్రూలు తీసి, ప్లాస్టిక్ పుల్లతో కింది మూల నుంచి ప్యానెల్‌ని మెల్లగా లేపాలి. స్క్రూడ్రైవర్ పెడితే పెయింట్ గీసుకుపోతుంది. ఒకటి రెండు క్లిప్పులు విరుగుతాయి, పది కొని దగ్గర ఉంచుకోండి. లోపల నల్లటి జిగురుతో అంటించిన పాలిథిన్ షీట్ కనిపిస్తుంది. అది చెత్త కాదు. అద్దం పక్క నుంచి వాన నీళ్లు ఎప్పుడూ డోర్‌లోకి దిగుతాయి, అడుగున ఉన్న బెజ్జాల గుండా పోతాయి. ఆ నీళ్లు కారు లోపలికి రాకుండా ఆపేది ఈ షీటే. జాగ్రత్తగా విప్పి, పని అయ్యాక మళ్లీ అంటించండి. అడుగు బెజ్జాల మీద మాత్రం ఏదీ పడకూడదు.

రేకుని స్పిరిట్‌తో తుడిస్తే గుడ్డ మీద తెల్లటి పొడి వచ్చింది. ఉప్పు! విశాఖలో ఇది మామూలే. బాగా ఆరాక బయటి రేకు లోపలి వైపు బ్యూటైల్ షీట్ (అదురుని పీల్చుకునే రబ్బరు షీట్) అంటించి, దాని మీది గళ్లు చదునయ్యేదాకా చిన్న రోలర్‌తో రుద్దాలి. రేకంతా కప్పక్కర్లేదు, మధ్య భాగంలో మూడో వంతు కప్పితే చాలు. తారు షీట్లు చవకే గానీ మన మే నెల ఎండకి మెత్తబడి జారతాయి. మళ్లీ కొట్టి చూడండి, ఈసారి చెక్క తలుపు తట్టినట్టు 'టక్' మంటుంది. ఆ తేడా విన్న రోజు నేను నాలుగు డోర్లూ తట్టుకుంటూ కారు చుట్టూ తిరిగాను.

స్పీకర్లు కాంపొనెంట్ రకం తీసుకోండి. డోర్‌లో ఆరున్నర అంగుళాల వూఫర్ (బరువు శబ్దాలకి), విడిగా ట్వీటర్ (సన్నని శబ్దాలకి), మధ్యలో శబ్దాన్ని ఆ రెండింటికీ పంచే క్రాస్ఓవర్ ఉంటాయి. మోకాలి దగ్గరి గొంతుని పైకి లేపేది ట్వీటరే. సైడ్ మిర్రర్ వెనకుండే త్రికోణం ప్లాస్టిక్ దానికి మంచి చోటు. ముందు అద్దం పక్క పిల్లర్‌లో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే ఆ పిల్లర్ మీద ఏదీ బిగించకండి. వూఫర్ కొనేముందు లోతు కొలవండి, అద్దం పూర్తిగా దింపినప్పుడు మాగ్నెట్‌కి తగలకూడదు. స్పీకర్ కింద వేసే రింగు ప్లాస్టిక్‌ది తీసుకోండి, ఎం.డి.ఎఫ్ చెక్క మన తేమకి ఉబ్బిపోతుంది. కోన్ కూడా కాగితానిది కన్నా పాలీప్రొపిలీన్‌ది మేలు.

కంపెనీ వైర్లు కోయొద్దు, మీ మోడల్‌కి సరిపడే కప్లర్ (కోయకుండా కలిపే ప్లగ్) దొరుకుతుంది. మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్లు మన ఊళ్లో ఎక్కువ కాలం ఉండవు. నావి ఏడాది తర్వాత విప్పితే రాగి మీద పచ్చటి చిలుము పట్టి ఉంది. క్రింప్ చేసి (చిన్న లోహపు గొట్టంలో పెట్టి నొక్కి), వేడికి ముడుచుకునే స్లీవ్ తొడగండి.

యాంప్లిఫయర్ ఛానెల్‌కి 50 వాట్లు ఆర్.ఎం.ఎస్ (అంటే నికరంగా) ఇచ్చే, చిన్నగా ఉండే క్లాస్-డి రకమైతే సీటు కింద పడుతుంది. స్పీకర్ తీగల నుంచే సిగ్నల్ తీసుకునే హై-లెవెల్ ఇన్‌పుట్ ఉంటే కంపెనీ స్టీరియో మార్చే పని లేదు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ విప్పండి. పవర్ వైర్ నేరుగా బ్యాటరీ నుంచి రావాలి, బ్యాటరీకి అడుగున్నర లోపే ఫ్యూజ్ ఉండాలి. దాని దగ్గర రాజీ పడకండి, వైర్ ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే మంటలు లేవకుండా ఆపేది అదే. ఎర్త్ వైర్ పొట్టిగా ఉంచి, పెయింట్ గీకి, ఒట్టి ఇనుము మీద బిగించి, పైన గ్రీజు రాయండి. పవర్ వైర్ ఒక పక్క నుంచి, సిగ్నల్ వైర్ రెండో పక్క నుంచి లాగండి. లేకపోతే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఈల వినిపించే ప్రమాదం ఉంది.

యాంప్ మీదుండే గెయిన్ అంటే వాల్యూమ్ కాదు, స్టీరియో సిగ్నల్‌కి యాంప్‌ని సరిపెట్టే నాబ్. స్పీకర్లు విప్పేసి, స్టీరియోని ముప్పావు వాల్యూమ్‌లో పెట్టి, 400 హెర్ట్జ్ టోన్ ప్లే చేసి, యాంప్ అవుట్‌పుట్ దగ్గర మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టండి. 50 వాట్లని స్పీకర్ నిరోధం 4 ఓమ్‌లతో గుణిస్తే 200, దాని వర్గమూలం 14.1. గెయిన్‌ని మెల్లగా పెంచుతూ, మీటర్ 14 వోల్టులు చూపగానే అక్కడ ఆపేయండి. తర్వాత హైపాస్ ఫిల్టర్ (మరీ కింది బాస్‌ని ఆపేది) 80 హెర్ట్జ్ దగ్గర పెడితే వూఫర్ ఇబ్బంది పడదు.

చివరి పనికి నా స్క్రీన్ అక్కరకొచ్చింది, అందులో టైమ్ డిలే, అంటే దగ్గరి స్పీకర్ శబ్దాన్ని కాస్త ఆలస్యం చేసే సెట్టింగ్, ఉంది. టేపు తీసుకుని కొలిస్తే కుడి ట్వీటర్ నా చెవికి 85 సెంటీమీటర్లు, ఎడమది 130. శబ్దం ఒక మిల్లీసెకనులో 34 సెంటీమీటర్లు పోతుంది. 45 సెంటీమీటర్ల తేడాకి కుడి పక్కని 1.3 మిల్లీసెకన్లు ఆలస్యం చేశాను. గొంతు కుడి డోర్ వదిలి స్టీరింగ్ దాటి మధ్యలోకి వచ్చి నిలబడింది.

కానీ అది డ్రైవర్ సీటుకే. నాన్న కూర్చునే ఎడమ సీట్లో గొంతు ఇంకా పక్కకి పోతుంది. అందుకని ఎడమ పక్కని ఆలస్యం చేసి రెండో సెట్టింగ్ దాచాను. ఆదివారం ఆయన బెల్టు పెట్టుకునేలోపు అది మార్చేస్తాను. మొన్న తొట్లకొండ దగ్గర ఆయన చెయ్యి ఎత్తి, డ్యాష్‌బోర్డ్ మధ్యలోకి చూపించి, పాట అయ్యేదాకా ఏమీ మాట్లాడలేదు.